మామగారి చిన్న తుపాకి

ఏప్రిల్ మొదటి వారం

ప్రియమైన నాన్నకు,

అలవాటు ప్రకారం "చిరంజీవి అల్లుడికి" అని మొదలుపెట్టాలి. ఈసారి పెట్టలేదు. నా ఉత్తరాలు గని క్యాంపు భోజనాల గదిలో పైకి చదివి నీ జట్టునంతా నవ్విస్తావని తెలుసు కానీ, ఇది మాత్రం నీ మంచం మీద కూర్చుని ఒక్కడివే చదువుకో.

ముందు క్షేమ సమాచారాలు. అమ్మ బాగుంది. నీ మంచుబండి బెల్టు మళ్ళీ తెగింది, ఐపిలీ మావయ్య అతికించాడు, అతికించినందుకు మన ఇంట్లో మూడు పూటలు భోంచేశాడు. బడిలో నా పిల్లలు వెలుగు పెరిగినకొద్దీ కిటికీలకే అతుక్కుపోతున్నారు. వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు, ఎందుకంటే నేనూ కిటికీలోంచే చూస్తున్నాను. కొండ మీదికి మంచుకోళ్ళు వచ్చేశాయి. పొద్దున గాలి ఇటు వీస్తే వాటి గరగర బడిదాకా వినిపిస్తోంది, ఎవరో ముసలాయన గొంతు సవరించుకుంటున్నట్టు.

ఇక అసలు సంగతి. నాన్నా, తాత తుపాకి అంటే నాకు భయం.

నేను కాలేజీ నుంచి తిరిగొచ్చిన రోజు నువ్వు గనిలో ఉన్నావు, చూడలేదు. నేను బూట్లైనా విప్పకముందే అమ్మ వచ్చి, తాత వాడిన త్రీ నాట్ త్రీ తుపాకి నా రెండు చేతుల్లో పెట్టింది. ఇన్నేళ్ళూ మేకుకి వేలాడదీసి, నెలనెలా తుడిచి, నా కోసమే దాచిందట. "తీసుకో నాన్నా, నీదే కదా," అంది. బిడ్డని అందించినట్టు అందించింది. నేనూ అలాగే అందుకున్నాను. చేతులు కిందికి జారిపోయాయి, అంత బరువు. అమ్మ అది చూడలేదు, నా మొహమే చూస్తోంది.

పోయిన నెల మావయ్య నన్ను దుప్పుల వేటకి తీసుకెళ్ళాడు. కారిబూ దుప్పుల మంద నదికి ఇవతలే మేస్తోంది. పడుకుని గురిపెట్టాను. పేలింది. బొచ్చు పార్కా కోటు మందాన్నంతా దాటుకుని దెబ్బ ఎముకకి తగిలింది. మంద పారిపోయింది. రెండోసారి ఏమైందంటే, ట్రిగ్గర్ నొక్కకముందే నా కళ్ళు మూసుకుపోయాయి. మూడోసారీ అంతే. నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. మావయ్య మంచు మీద వెల్లకిలా పడి నవ్వాడు. "చచ్చి మళ్ళీ పుట్టేసరికి మా నాన్నకి చూపు మందగించిందర్రా!" అని ఊరంతా చెప్పుకొచ్చాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి భుజం చూసుకుంటే సీల్ కాలేయం రంగులో ఉంది. అమ్మ చక్కెర లేని టీ ఒక కప్పు తెచ్చి ముందు పెట్టింది. తాత అలాగే తాగేవాడు కాబట్టి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నేనూ అలాగే తాగుతున్నాను. నాకు ఆ చేదు పడదని కూడా నీకే మొదట చెబుతున్నాను.

కాలేజీ హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయితో ఒకసారి మన వరసలు చెప్పాను. మా అమ్మ నన్ను నాన్నా అంటుంది, మా నాన్న నన్ను మామగారూ అంటాడు, నెత్తి నెరుస్తున్న మా మావయ్య నాకు కొడుకు అంటే, ఆ పిల్ల కళ్ళు తేలేసింది. మా దగ్గర పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి పెడతారు, నాకు మా అమ్మ వాళ్ళ నాన్న పేరు పెట్టారు, పేరుతో పాటు మనిషీ వచ్చేస్తాడు, అందుకని ఆ బిడ్డ మీద ఎవరూ కేకలేయరు, నోరు తెరిచి ఏదడిగినా కాదనరు అని చెప్పాను. ఆమె అంతా విని, "బాగానే ఉంది. మరి నువ్వెక్కడున్నావ్?" అంది. నవ్వేసి దుప్పటి కప్పుకున్నాను. ఆ ప్రశ్న మాత్రం నాతో పాటు విమానమెక్కి ఇంటికొచ్చేసింది.

ఇంకో పక్క ఇలిసాపీ ముసలమ్మ. నన్ను అమ్మ కడుపులోంచి తీసి బొడ్డు కోసింది కాబట్టి నా మొదటి వేట ఆవిడది. చిన్నప్పుడు హాస్టలు, తర్వాత కాలేజీ, నా చేత్తో నేనొక్క ప్రాణినీ ఇంటికి తెచ్చింది లేదు. ఆవిడ కోసిన బొడ్డులన్నిట్లో బాకీ నాదొక్కటేనట. నిన్న దారిలో ఆపి, "ఏమే పంతులమ్మా, నేను పోయాక నా సమాధి మీద పెడతావా నీ వేట?" అంది. "దుప్పి తెస్తాలే అవ్వా" అన్నాను. "దుప్పా! నోట్లో రెండు పళ్ళున్నాయి, అవీ ఒకదానికొకటి ఎదురుపడవు. మెత్తగా ఓ కోడిని తేవే, చాలు," అంది.

నాకూ అదే కావాలి నాన్నా. చిన్న తుపాకి. పాయింట్ టూ టూ. నా భుజాన్ని కొట్టనిది, నా చేతులు మోయగలిగినది. మంచుకోళ్ళకీ, తెల్ల కుందేళ్ళకీ అది చాలు. అది చేతిలో ఉంటే కళ్ళు తెరిచే ఉంచగలనని నా నమ్మకం. కానీ అది కొనడమంటే అమ్మ ముందు నిలబడి, "ఈ పెద్ద తుపాకి నాది కాదు, నేను మీ నాన్నని కాను" అని చెప్పడమే కదా. ఆవిడ తండ్రిని ఒకసారి పూడ్చిపెట్టింది. రెండోసారి నా చేత్తో పూడ్చనా?

నాకు రెండు సాయాలు చెయ్యి. ఎలాంటిది కొనాలో చెప్పు. అమ్మకి నువ్వే రాయి.

నీ మామగారినో, కాదో తెలియని
ఉయరక్

*

ఏప్రిల్, రెండో టపా విమానం

మహారాజశ్రీ మామగారికి,

మీ అల్లుడు కాలాక్ నమస్కరించి రాయునది. ఇక్కడ క్షేమం. వంటవాడు మారాడు, అందుకని క్షేమం అన్న మాట కాస్త ఎక్కువ చేసే రాశాను. మీ ఉత్తరం ఎవరికీ చదవలేదు. నాకు వినపడేలా కూడా చదవలేదు.

తుపాకి గురించి అడిగారు. పార్కా వేసుకునే భుజానికి ఆనించి చూడండి. కొట్లో వెచ్చగా ఉందని కోటు విప్పి కొలత చూసుకునేవాళ్ళు బయటికెళ్ళాక ఏడుస్తారు, భుజానికి ఆనించే తుపాకి మడమ పొడుగైపోయి చెంప ఆనదు. మీకు చేతులు పొట్టి, మడమ ఎలాగూ కోయాలి, కాబట్టి చెక్కదే తీసుకోండి. ఇనుము చలికి చెంపని పట్టుకుంటే తోలు అక్కడే ఉంచేసుకుంటుంది.

దానంతటదే తూటా ఎక్కించుకునే రకం మెరుస్తూ ఉంటుంది, కొట్లో మీ కొడుకు ఐపిలీ దాన్నే అంటగట్టాలని చూస్తాడు. వద్దు. చలికి లోపల నూనె చిక్కబడి సరిగ్గా కోడి ఎదురుగా ఉన్నప్పుడు నిద్రపోతుంది. కింద తూటాల పెట్టె ఊడొచ్చేదీ వద్దు, మంచులో పడితే వేసవిదాకా దొరకదు. దుర్భిణి కూడా వద్దు, మీ ఊపిరికే మసకేస్తుంది. చేత్తో గడియ లాగి మూసేది, గొట్టం కింద వరసగా తూటాలు పట్టేది నాకిష్టం. మీకేది ఇష్టమో మీ చేతులు చెబుతాయి. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీలో మీ చేతితొడుగు వేలు పట్టాలి, అది మాత్రం మర్చిపోవద్దు.

త్రీ నాట్ త్రీతో కోడిని కొట్టాలని మాత్రం ఎప్పుడూ చూడకండి. ఒకసారి కుర్రతనంలో నేను కొట్టాను. దిండులోకి సరిపడా ఈకలు కూడా మిగల్లేదు.

ఇక రెండో సాయం నేను చెయ్యను. పెళ్ళైన కొత్తలో మీరు, అంటే ఆ మీరు, నన్ను పక్కకి పిలిచి ఒకటే మాట అన్నారు: "పనిపక్‌తో ఏదైనా ఎదురుగా చెప్పు. చుట్టూ తిరిగావంటే బండి లాగే కుక్కలా ముందే పసిగడుతుంది, పైగా కరుస్తుంది." మీ కూతురి సంగతి మీకే బాగా తెలుసు.

అమ్మలూ, ఇక్కడినుంచి మామగారికి కాదు, నీకు. భుజం మీద వెచ్చటి గుడ్డ పెట్టుకో. నువ్వు చక్కెర లేని టీ తాగేటప్పుడు ఎడమ కన్ను చిట్లిస్తావు. అది నేను నీ చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. అడుగు తల్లీ.

మీ అల్లుడు, నీ నాన్న
కాలాక్

*

మే నెల, మంచు మెత్తబడ్డాక

ప్రియాతిప్రియమైన నాన్నకు,

ఇది నలుగురిలో చదువు. గట్టిగా చదువు. ఆ కొత్త వంటవాణ్ణి కూడా పిలువు.

శనివారం బడి లేదు. పార్కా వేసుకుని, టోపీ కూడా కట్టుకుని కొట్టుకి వెళ్ళాను. మావయ్య కౌంటరు వెనక బిస్కెట్ పెట్టెలు సర్దుతున్నాడు. ఆ పక్కనే ఇలిసాపీ అవ్వ, ఏమీ కొనదు, స్టవ్వు దగ్గర కూర్చుని ఎవరేం కొంటున్నారో చూడ్డానికి వస్తుంది.

"చిన్న తుపాకులు చూపించు మావయ్యా," అన్నాను.

"ఎవరికి నాన్నా? బడిపిల్లలకా?"

"నాకు."

మావయ్య నవ్వు మొదలైంది. అయినా మూడు తీసి కౌంటరు మీద పెట్టాడు. నువ్వన్నట్టే ముందు మెరిసేదాన్ని ముందుకు తోశాడు. "వేలు కదిపితే చాలు, వర్షంలా కురుస్తుంది," అన్నాడు. "వర్షమెందుకు, నాకొక్క చుక్క చాలు," అన్నాను. రెండోది నీకిష్టమైన రకం, గొట్టం కింద తూటాలు పట్టేది. భుజానికెత్తాను. బాగుంది, కానీ ముందు బరువు. కాసేపటికి గొట్టం కొస నేల చూడ్డం మొదలెట్టింది. మూడోది మూలన దుమ్ము పట్టి ఉంది. పొట్టిది. గడియ తెరిచి, ఒక్కటే తూటా పెట్టి, మూసి, కొట్టాలి, మళ్ళీ తెరవాలి. అంతే దాని సంసారం. భుజానికి పెట్టగానే చెంప దానంతటదే వచ్చి చెక్క మీద వాలింది. తొడుగుతోనే వేలు లోపలికి వెళ్ళింది. నీ మాట కాదని దాన్నే పట్టుకున్నాను నాన్నా. ఒక్కటే తూటా ఉంటే తొందరపడే వీలుండదు. తొందరపడకపోతే నా కళ్ళు మూసుకోవు. ఈ లెక్క నీకెలా అనిపిస్తుందో కానీ, నాకు సరిపోయింది.

"అది పిల్లలాట నాన్నా!" మావయ్య కడుపు పట్టుకున్నాడు. "ఎలుగుబంట్లని కొట్టిన మనిషివి! ఇది పట్టుకుని ఊళ్ళో ఎలా నడుస్తావ్? నన్ను చూసి నవ్వరూ?"

స్టవ్వు దగ్గర్నుంచి అవ్వ కూడా కిసుక్కుమంది. నాకు చిర్రెత్తింది. పెద్దరికం నాకూ ఉంది కదా, ఎప్పుడూ వాడుకోను గానీ. నడుం మీద చెయ్యి వేసుకుని, ముసలి గొంతు పెట్టి, "ఒరే ఐపిలీ! నాకో తేలికపాటిది ఇవ్వరా. నా చేతుల్లో బలం లేదు," అన్నాను.

మావయ్య నవ్వు ఆగిపోయింది. కొంచెం కొంచెంగా కాదు, తలుపు వేసినట్టు. చేతులు కడుపు మీదే ఉండిపోయాయి. అవ్వ కూడా నన్నే చూస్తోంది. నేనేదో అనకూడని మాట అన్నాననుకున్నాను.

"పనిపక్ చెప్పిందా నీకు?" అన్నాడు మావయ్య చిన్నగా.

"ఏం చెప్పింది?"

మావయ్య ఆ పొట్టి తుపాకి దుమ్మును తన చొక్కా అంచుతో తుడిచాడు. కాగితంలో చుట్టలేదు. రెండు చేతుల మీద పెట్టి నాకందించి, "అమ్మకి చూపించు నాన్నా. ఇప్పుడే. ఎక్కడా ఆగకు," అన్నాడు. నవ్వించడం తప్ప ఇంకోటి తెలియని మావయ్య కళ్ళు తుడుచుకోవడం మొదటిసారి చూశాను.

ఇంటిదాకా నడిచిన ఆ దారి ఎంత పొడుగైందో. అమ్మ నేల మీద కూర్చుని సీల్ చర్మం గీకుతోంది. ఎదురుగా నిలబడ్డాను. నువ్వు చెప్పినట్టే ఎదురుగా. చెప్పాలనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "అమ్మా, నాకిది కావాలి. పెద్దది నాకు చాలా బరువు. కోపం తెచ్చుకోకు," అని మాత్రం అనగలిగాను.

అమ్మ కత్తి పక్కన పెట్టింది. తుపాకి అందుకుని బరువు చూసింది. గడియ ఒకసారి తెరిచి మూసింది. అప్పుడు అమ్మ నవ్వింది నాన్నా. కన్నీళ్ళు చర్మం మీద పడుతుంటే నవ్వింది.

"ఎన్నేళ్ళు పట్టింది నాన్నా నీకు, మళ్ళీ అడగడానికి!"

ఆ తర్వాత కథంతా చెప్పింది. తాత చివరి శీతాకాలంలో చేతులు సన్నబడిపోయి త్రీ నాట్ త్రీ ఎత్తలేకపోయాడట. ఒకరోజు అమ్మనీ, మావయ్యనీ పిలిచి, "నాకో తేలికపాటిది కొనిపెట్టండర్రా. నా చేతుల్లో బలం లేదు. కొండెక్కి మంచుకోళ్ళని కొట్టుకుంటాను," అన్నాడట. వీళ్ళు నవ్వేశారట. ఎలుగుబంట్లని కొట్టిన మనిషి పిల్లల తుపాకి పట్టుకుని తిరిగితే ఊళ్ళో తలెత్తుకోలేం అన్నారట. గౌరవంగా ఉంటుందని ఆ పెద్ద తుపాకినే తుడిచి ఆయన పడక పక్కన నిలబెట్టారట. ఆయన మళ్ళీ అడగలేదు. మంచు కరిగేలోపు పోయాడు. మళ్ళీ మంచు పడేసరికి నేను పుట్టాను.

"మరి నాకు ఆ పెద్దదెందుకిచ్చావమ్మా?"

"నీదే కదా. నీది నీకివ్వాలి కదా. అది వద్దు, చిన్నది కావాలి అంటావని నీ మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. నువ్వేమో మారుమాట లేకుండా తీసుకున్నావు. సరే, ఇష్టం మారిందేమో అనుకున్నాను. పేరున్నవాళ్ళు అడగకుండా మన తెలివితో మనమిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను కదా. ఈసారి నువ్వే అడగాలి, అడిగితే క్షణం ఆలస్యం చెయ్యకూడదు అనుకుని కూర్చున్నా."

అర్థమైందా నాన్నా? ఆవిడ నా నోటినుంచి వచ్చేదాకా ఆగింది, నేను ఆవిడ మనసు విరుగుతుందని ఆగాను. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఒకరికోసం ఒకరం నోరు కట్టుకుని కూర్చున్నాం. ఛాతీ మీద నుంచి ఎవరో లేచి వెళ్ళిపోయినట్టయింది. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఒక్క సంగతి అడగాలి, ఇదంతా నీకు ముందే తెలుసా? తెలిసే "అడుగు తల్లీ" అన్నావా? వచ్చాక నీ సంగతి చెబుతాను.

ఆ మధ్యాహ్నమే మావయ్య వచ్చి మడమ కోసి, గరుకు కాగితంతో నునుపు చేసిపెట్టాడు. మర్నాడు అమ్మా నేనూ కొండెక్కాం. "నేనూ వస్తా, అప్పుడు నేను తీసుకెళ్ళలేదు," అంది అమ్మ. తెలుపు మీద తెలుపు, ఎంత చూసినా ఏమీ కనపడదు. నిలబడి చూడగా చూడగా ఒక నల్లటి కన్ను కనపడింది, దానిపైన ఎర్రటి కనుబొమ, అప్పుడు కోడి మొత్తం దానికదే గీసుకున్నట్టు బయటపడింది. పక్కన ఇంకా రెండు. మోకాలి మీద కూర్చుని, తూటా పెట్టి, గడియ మూసి, ట్రిగ్గర్ నొక్కాను. చక్కెర బిళ్ళ కొరికినంత చప్పుడు. పక్కన కోళ్ళు తలైనా తిప్పలేదు. కోడి పడిపోవడం నేను చూశాను నాన్నా. కళ్ళు తెరిచే చూశాను. అమ్మ వెనక నుంచి నా వీపు మీద చెయ్యి వేసింది.

తిన్నగా ఇలిసాపీ అవ్వ ఇంటికి వెళ్ళాం. గుమ్మంలో కోడిని చూడగానే ఆవిడ కేక ఊరంతా వినపడింది. "వచ్చిందర్రా నా బాకీ! పంతులమ్మ కట్టేసింది!" ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా వచ్చేశారు. పద్ధతి ప్రకారం తలా ఒక వైపు పట్టుకుని లాగారు, రెక్క ఒకరికి, కాలు ఒకరికి. గుండె అవ్వకే. ఉన్న రెండు పళ్ళతో ఎలా తిందో నేను వివరించలేను. నాకు ఒక్క ముక్క కూడా లేదు, మొదటి వేట తెచ్చినవాళ్ళు తినకూడదు కదా. అంత కడుపు నిండిన ఆకలి నాకెప్పుడూ తెలియదు.

తర్వాత అవ్వ టీ పోసింది. అమ్మ నా కప్పు అలవాటుగా చక్కెర లేకుండానే నా ముందు పెట్టి, అందరిముందూ, "ఇంకేమైనా అడగాలా నాన్నా? ఉంటే ఇప్పుడే అడిగెయ్. ఈసారి ఇరవై ఏళ్ళు ఆగే ఓపిక నాకు లేదు," అంది.

కప్పులోకి చూశాను. ఇంత దూరం వచ్చాక ఇదొక లెక్కా అనుకుని, "టీలో చక్కెర," అన్నాను.

అమ్మ, అవ్వ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది, అవ్వకి దగ్గు కూడా వచ్చింది.

"మా నాన్నకి చక్కెరంటే వాంతి," అంది అమ్మ డబ్బా నా వైపు తోస్తూ. "ఇది ఆయన అడిగింది కాదమ్మా. ఇది నువ్వు."

నాన్నా, అమ్మ నన్ను "అమ్మా" అని పిలవడం నీకెప్పుడైనా గుర్తుందా? నాకు లేదు. హాస్టల్ గదిలో దుప్పటి కింద దాచుకున్న ప్రశ్నకి జవాబు చక్కెర డబ్బా అడుగున దొరుకుతుందని ఎవరనుకుంటారు? నేను ఆయన్నే. ఆయన పక్కనే, కాస్త తీపిగా, నేనూ ఉన్నాను.

త్రీ నాట్ త్రీ మళ్ళీ మేకుకే వెళ్ళింది. చిన్నది తుడిచి, చలి వసారాలో దాని పక్కనే నిలబెట్టాను, లోపలికి తెస్తే ఇనుముకి చెమట పడుతుంది కదా. నువ్వొచ్చేటప్పుడు పాయింట్ టూ టూ తూటాలు ఒక డబ్బా, చక్కెర ఒక సంచీ తీసుకురా. తన చక్కెర డబ్బా నేనే ఖాళీ చేసేశానని అవ్వ అప్పుడే ఊళ్ళో చెప్పుకుని తిరుగుతోంది.

నీ మామగారు చెబుతున్నారు, త్వరగా రమ్మని.
నేనూ చెబుతున్నాను.

నీ కూతురు
ఉయరక్